గాజును తిట్టే ముందు: పాత మాన్యువల్ లెన్సులతో ఫోటో తీయడం

అందరికీ నమస్కారం.

పాత లెన్సు కొన్న మొదటి వారంలో చాలామంది నోట ఒకటే మాట: "సాఫ్ట్‌గా వస్తోందండీ, పాత గాజు కదా!" పాపం, ఆ గాజు చెయ్యని తప్పుకి తిట్లు తింటోంది. లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య ఉన్న దూరం, లోపల పట్టిన మసక, ఫోకస్ తిప్పే చెయ్యి, ఇవన్నీ చూశాకే గాజు సంగతి. వాటిలో కూడా ఎక్కువ సేపు దూరం గురించే మాట్లాడతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు.

ఉదాహరణకి బల్ల మీదున్న ఈ హీలియోస్ 44-2. ఫోకల్ లెంగ్త్ 58 మి.మీ., పూర్తిగా తెరిస్తే ఎఫ్2. సోవియట్ జెనిట్ కెమెరాలకి బిగించి అమ్మిన లెన్సు. జర్మనీలోని కార్ల్ జైస్ జెనా కంపెనీ బయోటార్ డిజైనే దీనికి మూలం: 4 గుంపుల్లో 6 గాజులు. అపర్చర్‌కి, అంటే వెలుగు వచ్చే రంధ్రానికి, 8 బ్లేడ్లు, ముందు ఫిల్టర్ మర 49 మి.మీ., దగ్గర ఫోకస్ అర మీటరు. వెనక ఉన్నది ఎం42 మర, అంటే 42 మి.మీ. వ్యాసం, చుట్టుకి 1 మి.మీ.

ఎం42 లెన్సు తన మౌంట్ (కెమెరాకి బిగిసే చోటు) అంచు నుంచి 45.46 మి.మీ. వెనక ఫిల్ము ఉంటుందని నమ్ముకుని తయారైంది. సోనీ 'ఈ' (E) మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. మిగిలిన 27.46 మి.మీ. పూడ్చే ఖాళీ గొట్టమే అడాప్టర్. ఫుజీ ఎక్స్‌లో 17.7, నికాన్ జడ్‌లో 16, కానన్ ఆర్‌ఎఫ్‌లో 20, కాబట్టి ఈ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలన్నిట్లో గొట్టానికి చోటుంది. లోపల అద్దం ఉన్న నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో లేదు. దాని ఎఫ్ మౌంట్ దూరం 46.5, లెన్సు అడిగేదానికంటే బాడీయే 1 మి.మీ. లోతు. ఉత్త గొట్టం పెడితే దూరపు కొండ ఎప్పటికీ ఫోకస్ కాదు. మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ పెడితే కొండ దొరుకుతుంది, పదును పోతుంది. ఆ బాడీ ఉన్నవాళ్లు ఎం42 జోలికి పోకుండా నికాన్ సొంత పాత మాన్యువల్ లెన్సులు ('ఏఐ' రకం) వెతుక్కోవడం మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మీ అడాప్టర్ ఉండాల్సిన దానికంటే 0.1 మి.మీ. మందం ఎక్కువైందనుకోండి. ఫోకల్ లెంగ్త్‌ని దానితోనే గుణించి, ఈ 0.1తో భాగించండి. 58ని 58తో గుణిస్తే 3364. 0.1తో భాగిస్తే 33,640 మి.మీ., అంటే దాదాపు 34 మీటర్లు. రింగు చివరిదాకా తిప్పినా, ఎఫ్2 దగ్గర అంతకు అవతల ఉన్నదేదీ పూర్తి పదునుగా రాదు. అదే అడాప్టర్‌కి 28 మి.మీ. లెన్సు బిగించి లెక్కేయండి: 784ని 0.1తో భాగిస్తే సుమారు 8 మీటర్లు! వీధి చివరి ఇల్లు కూడా అందదు. "మనుషుల ఫోటోలు బాగున్నాయి, ఆ వైడ్ లెన్సే చెత్తది" అనే తీర్పు చాలాసార్లు ఇలాగే పుడుతుంది. ఒక కాగితం మందం తేడా, అంతే.

తయారు చేసేవాళ్లకి ఈ బాధ తెలుసు. అందుకే చౌక అడాప్టర్లు చాలావరకు కావాలనే కాస్త పొట్టిగా ఉంటాయి. అప్పుడు ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తు రాకముందే కొండ ఫోకస్ అయిపోతుంది. ఇది భరించగలిగే తప్పే, కాకపోతే లెన్సు మీద చెక్కిన దూరాల అంకెలు ఇక నమ్మడానికి లేదు. పరీక్ష తేలిక. కిలోమీటరు దూరంలోని సెల్ టవర్ని ఎఫ్2 దగ్గర, తెర మీద పెద్దది చేసి చూస్తూ రింగు తిప్పండి. చివర ఆగేలోపు ఒకసారి పదునెక్కి మళ్లీ మసకబారితే అడాప్టర్ పొట్టి. చివరిదాకా పదునెక్కుతూనే ఉండి మధ్యలో ఆగిపోతే మందం, మార్చేయండి. ఇదివరకు ఎవరో లెన్సు విప్పి సరిగా బిగించకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది, కాబట్టి అదే అడాప్టర్ మీద రెండో లెన్సు కూడా పెట్టి చూడండి. వెర్నియర్ కాలిపర్ ఉంటే అంచు చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే ఫ్రేములో ఎడమ పక్క పదునుగానూ కుడి పక్క అలికినట్టుగానూ వస్తుంది.

అడాప్టర్ లోపలి గోడ నిగనిగలాడుతోందేమో కూడా చూడండి. ఆ మెరుపు ఆకాశపు వెలుగుని సెన్సర్ మీదకి చిమ్మి నలుపుని బూడిద రంగు చేస్తుంది. మెరుపు లేని నల్ల రంగు పూస్తే చాలు. ఇంకో మాట: 44-2కి వెనక అపర్చర్‌ని మూసే పిన్ను లేదు గానీ 44ఎం-4, ఆ తర్వాత వచ్చిన రకాలకి ఉంది. వాటికి పిన్ను నొక్కే అంచున్న అడాప్టరే తీసుకోవాలి, లేకపోతే రింగు ఎటు తిప్పినా అపర్చర్ మూసుకోదు.

ఇక మసక. లెన్సుని పగటి వెలుగులో చూసి కొనకండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము చుక్కలు ఏమీ చెయ్యవు. పాల మీగడలాంటి పొర కనిపిస్తే మాత్రం అది మరలోని పాత గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకున్నది. కాంట్రాస్ట్‌ని తినేస్తుంది, విప్పి తుడిస్తే పోతుంది. సాలెగూడులా పాకి ఉంటే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో తోలు కేసులో మూసిపెట్టిన లెన్సుకి ఇది మామూలు జబ్బు. ముదిరితే పై కోటింగునే కొరికేస్తుంది, తుడిచినా ఆ మచ్చ పోదు. లెన్సులు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉండాలి, పక్కనే తేమ కొలిచే పది రూపాయల హైగ్రోమీటరు కాదు, నిఖార్సయినది ఒకటి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు, మరీ ఎండబెట్టక్కర్లేదు.

పసుపు పచ్చగా కనిపించే గాజు వేరే కథ. పెంటాక్స్ వాళ్ల సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్1.4లో 7 గాజుల రకానికి ఇది ప్రసిద్ధి. అందులో థోరియం కలిపిన గాజుంది, ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారుతుంది. అల్ట్రావయొలెట్ ఎల్‌ఈడీ దీపం కింద కొన్ని రోజులుంచితే చాలావరకు తేటబడుతుంది. మన మే నెల ఎండలో మాత్రం పెట్టకండి, గ్రీజు కరిగి బ్లేడ్ల మీదకి దిగుతుంది.

కెమెరాలో ముందు "లెన్స్ లేకుండా షట్టర్" అనుమతించే సెట్టింగు తెరవాలి. అది లేక బటన్ పనిచెయ్యడం లేదని కంగారుపడేవాళ్లున్నారు. చేతి వణుకు సరిదిద్దే స్టెబిలైజర్‌కి ఫోకల్ లెంగ్త్ మనమే చెప్పాలి. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) బాడీ అయినా 58 అనే పెట్టండి, 1.5తో గుణించిన 87 కాదు. మోడ్ అపర్చర్ ప్రయారిటీ, అంటే అపర్చర్ మనది, షట్టర్ వేగం కెమెరాది.

44-2కి అపర్చర్ రింగులు రెండు. ఒకటి హద్దు పెడుతుంది, రెండోది ఆ హద్దుకీ పూర్తి తెరుపుకీ మధ్య నునుపుగా తిరుగుతుంది. హద్దు 5.6 దగ్గర పెట్టి, తెరిచి ఫోకస్ చేసి, కెమెరా నుంచి కన్ను తియ్యకుండా రెండో రింగు ఆగేదాకా తిప్పండి. ఎఫ్2.8, ఎఫ్4 దగ్గర తీసేటప్పుడు మాత్రం ఆ అపర్చర్‌లోనే ఫోకస్ చెయ్యండి. కొన్ని పాత లెన్సుల్లో అపర్చర్ మూస్తే ఫోకస్ కాస్త జరుగుతుంది.

తెర మీద అంచులకి రంగు వేసి చూపించే ఫోకస్ పీకింగ్‌ని నమ్మి మోసపోకండి. అది చూపించేది కాంట్రాస్ట్ ఉన్న అంచుల్ని, ఫోకస్‌ని కాదు. జరీ అంచు చీర కట్టుకున్న మనిషిని తీస్తే కన్ను వదిలేసి జరీ అంతా ఎర్రగా వెలుగుతుంది. దాన్ని తక్కువ స్థాయిలో ఉంచి దారి చూపడానికే వాడండి, తీర్పు తెర మీద పెద్దది చేసి చూపించే మాగ్నిఫైదే. ఫుల్ ఫ్రేములో (పాత ఫిల్ము సైజు సెన్సర్) ఎఫ్2 దగ్గర, ఒకటిన్నర మీటర్ల దూరంలో పదునుగా ఉండే మందం సుమారు 8 సెంటీమీటర్లు. అర మీటరులో 8 మిల్లీమీటర్లే. మీరు ఊపిరి తీసుకుంటే కదిలేది అంతకంటే ఎక్కువ. అంత దగ్గరగా తీసేటప్పుడు రింగు వదిలేసి, ఒళ్లు మెల్లగా ముందుకి వంచుతూ వరసగా మూడు నాలుగు కొట్టండి. వీధుల్లో తిరిగేటప్పుడైతే ఎఫ్8, 3 మీటర్లు అని పెట్టేసుకుంటే దాదాపు రెండున్నర నుంచి 3.8 మీటర్ల దాకా ఉన్నదంతా దొరుకుతుంది. ఇక్కడే దూరాల అంకెలు నిజం చెప్పాలి, మళ్లీ అడాప్టర్ దగ్గరికే వచ్చాం చూడండి.

అందరూ అడిగే సుడి బొకే, అంటే వెనక మసక సుడి తిరిగినట్టు కనిపించడం, కావాలంటే: ఎఫ్2, మనిషి ఒకటిన్నర నుంచి రెండు మీటర్లలో, వెనక అయిదారు మీటర్ల అవతల వేపచెట్టులాంటి సన్నాకుల చెట్టు, ఆకుల సందుల్లోంచి వెలుగు. అంచుల్లో వెలుగు చుక్కలు పిల్లి కన్నులా నొక్కుకుపోవడం వల్లే ఆ సుడి పుడుతుంది, కాబట్టి అంచులు కోసేసే ఏపీఎస్-సీలో తగ్గిపోతుంది. కోటింగు పాతది గనక పక్క వెలుగుని ఆపే 49 మి.మీ. హుడ్ ఒకటి బిగించి ఉంచండి.

లెన్సులు తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి, టార్చి వేసి ఒక్కొక్కటీ చూద్దాం. అడాప్టర్ కూడా తీసుకురండి, కాలిపర్ ఇక్కడే ఉంది.