ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల అంచు గీయడానికి ఏ పద్ధతి నయం? | రివ్యూ

అందరికీ నమస్కారం. ఛాతీ ఎక్స్‌రే ఇస్తే ఊపిరితిత్తుల అంచు గీసిపెట్టే పద్ధతుల్ని ఇవాళ పక్కపక్కన పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: సగటు స్కోరు చూసి మోడల్ ఎంచుకోవద్దు. జబ్బుతో తెల్లబడిన ఊపిరితిత్తి మీద అది ఏం గీస్తుందో చూసి ఎంచుకోండి.

మొదట థ్రెషోల్డ్, అంటే వెలుగుకి ఒక హద్దు పెట్టి పిక్సెళ్లని రెండుగా విడదీయడం. గాలి ఉన్నచోట ఫిల్ము నల్లగా ఉంటుంది కాబట్టి ఆ హద్దును తనే ఎంచుకునే ఓట్సు పద్ధతితో నలుపు, తెలుపు విడదీస్తాం. శరీరం బయటి గాలి కూడా నలుపే, అందుకే ఫిల్ము అంచుకు తగిలే ముక్కల్ని తీసేసి, మిగిలినవాటిలో పెద్దవి రెండు ఉంచుతాం. అయినా ఎడమ డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) కింద కడుపులో ఉన్న గ్యాసు ఊపిరితిత్తిలో కలిసిపోతుంది, పైన కాలర్ బోన్ దగ్గర కొస తెగిపోతుంది. దీన్ని అసలు పనికి వాడకండి.

1990లలో వచ్చిన యాక్టివ్ షేప్ మోడల్ ఇంతకంటే చాలా తెలివైనది. ట్రెయినింగ్ ఫిల్ముల అంచుల మీద పెట్టిన చుక్కల నుంచి సగటు ఆకారాన్నీ, అది ఎంతవరకు మారగలదో ఆ హద్దునీ నేర్చుకుంటుంది. అందుకే వింత ఆకారం గీయదు. కానీ మొదట పెట్టిన చోటు కాస్త పక్కకి జరిగితే, అసలు అంచు వదిలేసి పక్కటెముక గీతను పట్టుకుని కూర్చుంటుంది.

ఇక 2015లో వచ్చిన యూ-నెట్: ఒక్కో పిక్సెల్ ఊపిరితిత్తా కాదా అని తీర్పు చెప్పే న్యూరల్ నెట్‌వర్క్. ఎక్కువమంది వాడేది ఇదే, ఇక్కడ కాస్త ఆగుదాం. ట్రెయినింగ్‌కి అందరికీ దొరికే ఎక్స్‌రే సెట్లు రెండున్నాయి. జపాన్ నుంచి వచ్చిన జేఎస్ఆర్‌టీ సెట్‌లో 247 ఫిల్ములున్నాయి. అమెరికా నుంచి వచ్చిన మాంట్‌గోమరీ సెట్‌లో 138 ఉన్నాయి: 80 మామూలువి, 58 టీబీవి. ఒకదాని మీద నేర్పి రెండోదాని మీద పరీక్షించండి, అప్పుడే అసలు బలం తెలుస్తుంది.

డైకామ్ ఫైల్ (ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు దాచే ఫైలు రకం) తెరవగానే మోనోక్రోమ్1 అని ఉందేమో చూడండి. ఉంటే నలుపు, తెలుపు తారుమారుగా వస్తాయి, ముందు వాటిని తిప్పాలి. సైజు మార్చేటప్పుడు ఫిల్మును సాగదీయకుండా, ఖాళీ వైపు ప్యాడింగ్ పెట్టి చదరం చేయండి. మాస్క్‌కి, అంటే ఊపిరితిత్తి ఎక్కడుందో చూపే చిత్రానికి, సైజు మార్చేటప్పుడు నియరెస్ట్ నైబర్ (దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునే పద్ధతి) మాత్రమే వాడాలి, లేకపోతే అంచు దగ్గర లేనిపోని విలువలు పుడతాయి. జేఎస్ఆర్‌టీ ఫిల్ము 2048 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 0.175 మిల్లీమీటర్లు. దాన్ని 256కి కుదిస్తే పిక్సెల్ 1.4 మిల్లీమీటర్లవుతుంది. పక్కటెముకలూ డయాఫ్రమూ కలిసే సన్నటి మొన అక్కడే మొద్దుబారిపోతుంది. కొద్దిగా నీరు చేరితే నిలబడి తీసిన ఫిల్ములో డాక్టరు వెతికేది ఆ మొననే! 512 కంటే కిందికి తగ్గించకండి. కుడి, ఎడమ ఊపిరితిత్తుల్ని వేర్వేరు లేబుళ్లుగా నేర్పుతుంటే అడ్డంగా తిప్పే ఫ్లిప్ వద్దు, గుండె కుడివైపుకి వెళ్లిపోతుంది.

స్కోరు సంగతి. జేఎస్ఆర్‌టీ మీద 2006లో వచ్చిన పోలికలో రెండో మనిషి గీసిన గీతకే జకార్డ్ (రెండు గీతల లోపలి భాగాలు ఎంత కలిశాయో చెప్పే స్కోరు, పూర్తిగా కలిస్తే 1) 0.946 వచ్చింది. అదే సంగతి కొలిచే ఇంకో స్కోరు డైస్‌లో చెప్పాలంటే దాదాపు 0.97. కాబట్టి 0.975 గొప్పా, 0.98 గొప్పా అనే పోటీలో పెద్ద అర్థం లేదు.

అసలు సమస్య వేరు. న్యుమోనియాతో ఒక భాగం గట్టిపడినా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినా ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. మామూలు ఫిల్ములే ఎక్కువగా చూసిన యూ-నెట్ ఆ తెలుపును ఊపిరితిత్తి కాదనుకుని బయటికి నెట్టేస్తుంది. ఆ మాస్క్‌తో కత్తిరించిన చిత్రాన్ని జబ్బు గుర్తించే మోడల్‌కి పంపితే, జబ్బున్న భాగమే దానికి అందదు. పైగా చాలా మాస్క్‌లు గుండె వెనకాల దాగిన ఊపిరితిత్తిని లెక్కలోకి తీసుకోవు, అక్కడి గడ్డ కూడా పోతుంది. అందుకే మాస్క్ బయట నలుపు పూయకండి. రెండు ఊపిరితిత్తులూ పట్టే పెట్టె గీసి, చుట్టూ కాస్త చోటు వదిలి కత్తిరించండి.

తెల్లబడిన ఫిల్ముల దగ్గర నాకు హైబ్రిడ్‌జీనెట్ నచ్చింది. పిక్సెల్ పిక్సెల్‌కీ తీర్పు చెప్పకుండా, ఒకదానికొకటి అతుక్కున్న చుక్కల గొలుసుగా అంచు ఇస్తుంది. పాత ఆకారపు ఆలోచనే, న్యూరల్ నెట్‌వర్క్‌తో. తెల్లటి చోట కూడా ఊపిరితిత్తి ఎక్కడిదాకా ఉండాలో గీస్తుంది. అయితే అది అంచనా మాత్రమే: ఆపరేషన్‌తో ఒక ఊపిరితిత్తి తీసేసిన మనిషి ఫిల్ములోనూ రెండు గీసే ప్రమాదం ఉంది.

యూ-నెట్ మాస్క్ ఇచ్చాక చాలామంది పెద్ద ముక్కలు రెండే ఉంచుతారు. పేస్‌మేకర్ ఎడమ ఊపిరితిత్తిని రెండుగా చీలిస్తే మూడో ముక్క చెత్తలోకి పోతుంది. అన్నిటికంటే పెద్ద ముక్కలో పదో వంతు దాటినవన్నీ ఉంచండి. ఒక ఊపిరితిత్తి వైశాల్యం రెండోదానిలో సగం కూడా లేకపోతే, ఆ ఫిల్మును మనిషి చూడాల్సిందే.

పరీక్షలో నీరు చేరిన ఫిల్ములకు విడిగా లెక్క వేయండి. డైస్ పక్కన 95వ పర్సెంటైల్ హౌస్‌డార్ఫ్ దూరం (మరీ ఎక్కువ తేడా ఉన్న 5 శాతం వదిలేసి, గీసిన అంచు అసలు అంచుకి ఎంత దూరం పోయిందో చెప్పే కొలత) మిల్లీమీటర్లలో, కుడికి వేరుగా, ఎడమకి వేరుగా రాయండి. మొన ఎంత తెగిందో డైస్ దాచినా ఈ దూరంలో బయటపడే అవకాశం ఎక్కువ.