పారీస్ కార్నర్‌లో ఒక రాయి

శ్రోతలకు నమస్కారం.

మా నెల్లూరు వైపు పెద్దవాళ్లు మద్రాసు అనరు, చెన్నై అనరు. పట్నం అంటారు. మా అమ్మమ్మ "పట్నం పోయొచ్చాం" అందంటే కొత్వాల్ చావడి, షావుకారుపేట తిరిగి సరుకులు తెచ్చుకున్నారని అర్థం. ఆ పట్నాన్ని, అంటే ఇప్పటి జార్జిటౌన్‌ని, గైడు వెంట నడిచి చూడడం గురించి ఈ పూట మాట్లాడతాను.

పదకొండేళ్లు నేను బ్రాడ్వేలో బస్సు దిగి, పారీస్ కార్నర్ మీదుగా ఆఫీసుకి నడిచాను. అక్కడ డేర్ హౌస్ అని పెద్ద భవనం. దాని పక్కన ఒక రాతి స్తంభం. రోజూ కనిపించేది. ఒక్కరోజూ ఆగి చూడలేదు. ఆగస్టులో మద్రాసు వారోత్సవాలప్పుడు, ఒక ఆదివారం పొద్దున గైడు గారు అక్కడ నిలబెడితే చూశాను.

"ఎదురుగా హైకోర్టు ఉంది కదమ్మా, అంతకుముందు అక్కడేముండేది?" అని అడిగారాయన. ఎవరికీ తెలియదు. "ఊరుండేది. గుడుండేది" అన్నారు.

ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న సెయింట్ జార్జి కోటకు ఆనుకుని మనవాళ్లుండే పాత ఊరు అది. 1746లో ఫ్రెంచివాళ్లు కోటను పట్టుకున్నారు. 1749లో అది మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. కానీ భయం పోలేదు. మళ్లీ ఎవరైనా దండెత్తితే ఇళ్ల చాటున దాక్కుని కొడతారని, కోట ముందు ఫిరంగి గుండుకు అడ్డమేమీ ఉండకూడదని, ఊరు ఊరంతా పడగొట్టి మైదానం చేశారు. ఆ మైదానానికి హద్దుగా ఆరు స్తంభాలు నాటారు. వీటిని దాటి కోటవైపు ఎవరూ ఇల్లు కట్టకూడదు. స్తంభం మీద తేదీ ఉంది: 1773 జనవరి 1. ఆరింటిలో ఇదొక్కటే మిగిలింది.

పదకొండేళ్లు నేను దాటి వెళ్లింది ఆ హద్దునే.

ఊరితోపాటు చెన్నకేశవస్వామి గుడి కూడా పోయింది. మరి దేవుడు? అక్కణ్ణించి గైడు గారు మమ్మల్ని పూలబజారు దగ్గర దేవరాజ మొదలి వీధికి నడిపించారు. ఇంగ్లీషు గవర్నరు దగ్గర దుబాసీగా ఉన్న మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకోవడంతో, పోయిన గుడికి బదులు అక్కడ రెండు గుళ్లు లేచాయి. పక్కపక్కనే చెన్నకేశవుడు, చెన్నమల్లీశ్వరుడు. చెన్నపట్నం పేరు ఈ చెన్నకేశవస్వామిదని కొందరంటారు, 1639లో ఇంగ్లీషువాళ్లకు ఈ చోటిచ్చిన స్థానిక పాలకులు దామెర్ల వారి తండ్రి చెన్నప్ప నాయకుడిదని కొందరంటారు. నా మనసు స్వామివైపే మొగ్గుతుంది. కానీ నన్ను కదిలించింది ఆ వాదం కాదు. అక్కడి తమిళులు ఈ గుడిని ఏమంటారో తెలుసా? పట్టణం కోయిల్. మా అమ్మమ్మ మాటే! గుడి గుమ్మంలో ఆ పేరు వినగానే కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత తంబుచెట్టి వీధి, కాళికాంబాళ్ గుడి, ఆర్మేనియన్ చర్చి చూశాం. వాటి గురించి చెప్పడానికి ఇవాళ టైము చాలదు.

మీరూ వెళ్లాలనుకుంటే ఒక్కటి అడగండి: ఎంతమంది వస్తున్నారు? అంతకు రెండేళ్ల ముందు నేనొక నడకకి వెళ్లాను. నలభైమందిమి. నేను వెనక పడ్డాను. ముందు గైడు ఏం చెబుతున్నాడో ఒక్క ముక్క వినపడలేదు. ఆటోల హారన్లు, తోపుడుబండ్ల కేకలు, సందులో పక్కకు జరగడానికి చోటు లేదు. ఇదే స్తంభం పక్కనుంచి ఆ రోజూ నడిచే ఉంటాను. అందుకే చెబుతున్నా, పదిహేనుమందికి మించితే వద్దు. డబ్బు కొంచెం ఎక్కువైనా చిన్న గుంపే చూసుకోండి. ఆదివారం పొద్దున ఆరున్నరకే మొదలయ్యేది మంచిది. పదయితే ఎండా, బండ్లూ. దారిలో గుళ్లున్నాయి, తేలిగ్గా విడిచే చెప్పులు వేసుకోండి.

వచ్చే ఆగస్టులో మా పెద్దమ్మను తీసుకెళ్తున్నాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. గైడు గారికి ఫోన్ చేసి రెండు చోట్లు చూపిస్తే చాలని చెప్పాను. ఆ రాయి, ఆ గుడి.

నమస్కారం.