డొల్ల నింపే ముందు

అందరికీ నమస్కారం. కుక్క ఎముకలో ఏర్పడే డొల్లను గీకి, మళ్లీ ఎముకతో నింపే ఆపరేషన్ గురించి నాలుగు మాటలు చెబుతాను. ఎక్స్‌రే చూపించగానే కుక్కను తెచ్చినవాళ్లు అడిగే మొదటి మాట: "క్యాన్సరా డాక్టర్ గారూ?" ముందుకాలి మణికట్టుకు కాస్త పైన ఎముక ఉబ్బి, లోపల డొల్లగా కనిపిస్తే ఆ భయం సహజమే. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ తరచుగా వచ్చే చోట్లలో అదొకటి. అయితే వయసు చిన్నదై, పెద్దజాతి కుక్కై, డొల్ల అంచులు నున్నగా ఉండి, ఎముక పైపెంకు పలచబడినా తెగకుండా ఉంటే మామూలు బోన్ సిస్ట్, అంటే ఎముకలో ద్రవం నిండిన, క్యాన్సర్ కాని డొల్ల కావచ్చు. కావచ్చు, అంతే. బయాప్సీ రిపోర్టు రాకుండా ఎక్స్‌రే మీద తీర్పు చెప్పకండి.

సిస్ట్ అని తేలాక పెంకుకు చిన్న కిటికీ కోస్తాం. పలచటి ద్రవం కారుతుంది. లోపలి పొరను క్యూరెట్‌తో, అంటే చెంచాలాంటి గీకుడు పనిముట్టుతో, మూలమూలలా గీకాలి. విసుగు పుట్టించే పనే, కానీ పొర మిగిలితే సిస్ట్ తిరగబెట్టవచ్చు. డొల్లలో నింపే ఎముకను, అంటే గ్రాఫ్ట్‌ను, ఎంత బాగా కూరినా ఆ బద్ధకాన్ని కప్పలేదు.

ఇక గ్రాఫ్ట్. అదే కుక్క భుజం దగ్గరి ఎముక నుంచో, తుంటి ఎముక రెక్క నుంచో స్పాంజి ఎముకను తోడతాం. చేతిలో తడిసిన ఎర్రటి రంపపు పొట్టులా ఉంటుంది. అందులో బతికున్న కణాలుంటాయి, కొత్త ఎముక అల్లుకోవడానికి పందిరి ఉంటుంది, చుట్టూ ఉన్న కణాలను ఎముక కట్టేవిగా మార్చే ప్రోటీన్లూ ఉంటాయి. ఈ మూడో గుణాన్ని 1965లో అమెరికన్ ఎముకల సర్జన్ మార్షల్ యూరిస్ట్ చూపించాడు: ఖనిజం తీసేసిన ఎముకను కండలో పెడితే అక్కడా ఎముక పుట్టింది.

మొదట్లో నేనొక తప్పు చేసేవాణ్ణి. గ్రాఫ్ట్ ముందే తీసి, ట్రేలో లైటు కింద వదిలేసేవాణ్ణి. ఆరిపోతే కణాలు చస్తాయి. ఇప్పుడు రక్తంతో తడిపిన గాజ్ గుడ్డలో చుట్టి ఉంచి, వీలైనంత త్వరగా కూరేస్తాను. ఇంకో మాట: సిస్ట్ గీకిన పనిముట్లు, గ్లవ్స్‌తో గ్రాఫ్ట్ తీసే భుజాన్ని ముట్టుకోవద్దు. రేపు వచ్చే రిపోర్టు ఇంకేదో చెబితే జబ్బును మనమే అక్కడ నాటినట్టవుతుంది.

చిన్న కుక్కలో డొల్ల పెద్దదైతే సొంత ఎముక చాలదు. అప్పుడు బోన్ బ్యాంకులో, అంటే వేరే కుక్కల ఎముకను నిల్వ చేసే చోట, దొరికే ముక్కలు కలుపుతాం. సరదాకి చెబుతున్నా, ఎముక గ్రాఫ్ట్ గురించి తొలి రాతల్లో ఒకటైన 1668 నాటి డచ్ కథనంలో సైనికుడి పుర్రెకు వేసిన అతుకు కుక్క ఎముకే!

అసలు తిప్పలు ఇంటికి వెళ్లాక. నొప్పి తగ్గిన కుక్క వారంలోనే గెంతుతుంది. డొల్ల మాత్రం ఇంకా గట్టిపడదు. ఎక్స్‌రేలో ఎముక నిండినట్టు కనిపించేదాకా పట్టీ వదలకండి, మెట్లు ఎక్కనివ్వకండి.