క్రోమ్ కవర్లు విప్పేస్తే వెనక ఇంజిన్ ఎలా ఉంటుంది? నా క్రూయిజర్ బైక్ రివ్యూ

నమస్కారం అండి. క్రూయిజర్ బైకుల ఇంజిన్ మీద తళతళలాడే క్రోమ్ కవర్లు ఉంటాయి కదా, ఈ వీడియో వాటి గురించే. అవి తీసేస్తే బండి బాగుంటుందా, ఇంజిన్ చల్లబడుతుందా, అసలు తీయొచ్చా అని చాలామందికి సందేహం. నాది ఎయిర్ కూల్డ్ వీ-ట్విన్ బండి, అంటే గాలితోనే చల్లబడే, V ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజిన్. సిలిండర్ హెడ్ పక్కనుండే కవర్లు తీసేసి అలాగే తిప్పుతున్నాను. ఎండలో, వానలో, ట్రాఫిక్‌లో నడిపి చూశాకే మీకు చెబుతున్నాను.

ముందు ఒకటి తేల్చుకుందాం. ఇంజిన్ మీద మెరిసేదంతా అలంకారం కాదు. ఇదిగో, కుడివైపు ఈ పెద్ద గుండ్రటి కవర్ చూడండి. ఇది కూడా క్రోమే. కానీ దీని వెనక క్లచ్ ఉంది, ఆయిల్ ఉంది. విప్పితే ఆయిల్ కారిపోతుంది, ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పల్చటి పొర) చిరుగుతుంది. ఎడమవైపు దీని జోడీ ఉంది, అందులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉంటుంది. చాలా బళ్లలో అక్కడా ఆయిల్ ఉంటుంది. అందం కోసం వీటి జోలికి అస్సలు వెళ్లకండి.

మరి తేడా ఎలా తెలుస్తుంది? అంచు చూడండి. ఆయిల్‌ని ఆపే కవర్‌కి చుట్టూ దగ్గర దగ్గరగా బోల్టులుంటాయి, ఎందుకంటే ప్యాకింగ్ మీద అంతటా ఒకేలా ఒత్తిడి పడాలి. అలంకారపు కవర్‌కి రెండో మూడో బోల్టులు, లేదంటే గ్రోమెట్లనే రబ్బరు రింగుల్లోకి దిగే పిన్నులు, అంతే. దాని అంచుకీ ఇంజిన్‌కీ మధ్య సందు కూడా కనిపిస్తుంది. ఆయిల్ పోసే మూత గానీ, క్లచ్ కేబుల్ గానీ, వైరు గానీ కవర్‌లోంచి వెళ్తుంటే అది పని చేసే భాగమే. వేలితో తట్టి చూడండి, డొల్లగా మోగితే ప్లాస్టిక్కో పల్చటి రేకో. అయస్కాంతం అంటుకుంటే ఉక్కు రేకు. ఇంకా అనుమానంగా ఉంటే సర్వీస్ మాన్యువల్ తెరవండి. ఆ బొమ్మలో కవర్ వెనక ప్యాకింగ్ గీసి ఉంటే అక్కడే ఆగిపోండి.

అలంకారంలా కనిపించినా నేను తీయనివి రెండున్నాయి. ఒకటి, చైన్ బళ్లలో ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) కవర్. తిరిగే చైన్‌లో షూ లేసో ప్యాంటు అంచో పడకుండా కాపాడేది అదే. రెండోది, సైలెన్సర్ పైపు మీద క్లాంపులతో బిగించిన హీట్ షీల్డ్. అది లేకపోతే కాలు కాలుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు ఇంకా ప్రమాదం. ఫోటోల్లో ఇవి లేని బళ్లు చాలా స్టైల్‌గా కనిపిస్తాయి, నిజమే. అయినా వద్దు.

ఇప్పుడు విప్పే పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు గుండు పైకి లేచిన రకమైతే 5 నంబర్ అలెన్ కీ, బొత్తాంలా చదునుగా ఉంటే 4 నంబర్ పడుతుంది. అలెన్ కీ పెట్టే ముందు ఆ గుంటలో చేరిన మట్టిని సూదితో తవ్వి తీసేయండి. మట్టి మీద కీ పెడితే సగమే దిగుతుంది, తిప్పగానే మూలలు అరిగి బోల్టు తల గుండ్రమైపోతుంది. క్రోమ్ బోల్టు తల పాడైతే దాన్ని తీయడానికి పట్టే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

బోల్టు బిగుసుకుపోయి ఉంటే బలం చూపించకండి. ఉక్కు బోల్టు అల్యూమినియంలో ఏళ్ల తరబడి ఉంటే, తడి తగిలి రెండు లోహాల మధ్య తుప్పు పేరుకుని పట్టేస్తుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే, ఆ ఆయిల్ శుభ్రంగా తుడిచేసి, బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియంకి హీట్ గన్‌తో కాస్త వేడి ఇవ్వండి. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. కవర్ ప్లాస్టిక్‌దైతే మాత్రం హీట్ గన్ దగ్గరికి తేవద్దు.

గ్రోమెట్ల మీద నిలిచే కవర్లను పక్కకు వంచకండి, పిన్ను విరుగుతుంది. సబ్బు నీళ్లు రాసి, రెండు చేతులతో నేరుగా మీ వైపు లాగండి. పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది, ఓపిక పట్టాలి.

ఇప్పుడు ఈ వీడియోలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న విషయం. కవర్ తీసేశాక అదే బోల్టుని అదే రంధ్రంలో మళ్లీ బిగించకండి. కవర్ మందం, దాని వెనక సందు కోసం పెట్టే స్పేసర్ మందం కలిపి లెక్కేసి ఆ బోల్టు పొడవు పెట్టి ఉంటారు. కవర్ లేకపోతే బోల్టు అంత మేర ఎక్కువ లోపలికి దిగుతుంది. రంధ్రం అవతలికి తెరుచుకోకుండా అడుగు మూసి ఉన్న రకమైతే బోల్టు మొన అడుగుకి తగిలి బిగిసినట్టు అనిపిస్తుంది, నిజానికి ఏ పట్టూ ఉండదు. ఇంకాస్త తిప్పితే అల్యూమినియంలో మరలు చిరిగిపోతాయి. తీసేసినంత మందానికి సరిపడా పొట్టి బోల్టు వాడండి, లేదా వాషర్లు వేయండి. ఇంకో సంగతి, కొన్ని చోట్ల కవర్ బోల్టే లోపల కాయిల్ బ్రాకెట్‌నో హారన్‌నో పట్టుకుని ఉంటుంది. విప్పేటప్పుడు వెనక ఏదైనా కదిలిందేమో చూసుకోండి. విప్పిన రంధ్రంలోంచి ఆయిల్ చుక్క కనిపిస్తే దాన్ని ఖాళీగా వదలకూడదు, సీలింగ్ వాషర్‌తో మూయాల్సిందే.

సరే, కవర్ వచ్చేసింది. లోపల ఏముంది? ఇదిగో దగ్గరగా చూపిస్తున్నాను. గరుకైన పోత అల్యూమినియం. అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత అలాగే ఉంది. పెయింట్ లేదు, పాలిష్ లేదు, అక్కడక్కడా తెల్లటి పొడి. కంపెనీ ఈ భాగం ఎవరికీ కనిపించదనే లెక్కతో వదిలేసింది. ఇలాంటి బళ్లలో కవర్ తీస్తే నున్నటి, అందమైన ఇంజిన్ బయటపడుతుందని ఆశపడితే నిరాశే. నాకు మాత్రం ఈ గరుకుదనమే నచ్చింది. ఫిన్నులు (వేడిని గాలికి వదిలే పల్చటి రెక్కలు), హెడ్ బోల్టులు, ప్లగ్ క్యాప్, దేని పని ఏమిటో కంటికి తెలుస్తోంది. ఇంజిన్ అంటే నాకు ఇలాగే ఉండాలి.

చల్లదనం గురించి. హోండా షాడో 750, కవాసాకి వల్కన్ 900 లాంటివి లిక్విడ్ కూల్డ్, అంటే ద్రవంతో చల్లబడే బళ్లు. సిలిండర్ల మీద ఫిన్నులున్నా వేడిని తీసుకెళ్లే అసలు పని రేడియేటర్‌దే. వాటిలో కవర్ తీసినంత మాత్రాన చల్లదనంలో మార్పు ఆశించలేం. నా బండి లాంటి ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌లో ఫిన్నులకు గాలి తగలడం ముఖ్యమే, కానీ కంపెనీ వాళ్లు ఆ కవర్లు ఉంటాయనే లెక్కతోనే ఇంజిన్ తయారు చేస్తారు. కాబట్టి చల్లదనం కోసమే అయితే తీయకండి. పైగా వెనక సిలిండర్ పక్కన కవర్ లేకపోయేసరికి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తొడకి వేడి ముందుకంటే ఎక్కువగా తెలుస్తోంది. బరువు తగ్గుదల సంగతి చెప్పుకోవాల్సినంత లేదు.

మరి లాభం ఏమిటంటే, నాకు దక్కినవి చూడటం, కడగటం, వినటం. హెడ్ దగ్గర ఆయిల్ చెమ్మ కడితే ఇప్పుడు ఆ రోజే కనిపిస్తుంది. కవర్ వెనక మట్టి, ఎండుటాకులు చేరి తడి పట్టి ఉండేవి, ఇప్పుడు పైపు పెట్టి కడిగేస్తున్నాను. ఇక శబ్దం. వదులైన కవర్ ఒక రకంగా జిర్రుమంటుంది, ఒక ఆర్‌పీఎమ్ దగ్గర మొదలై ఇంకాస్త రేజ్ చేస్తే ఆగిపోతుంది. చాలామంది దాన్ని టాపెట్ (ఇంజిన్ లోపల వాల్వుల దగ్గరి) శబ్దం అనుకుని కంగారు పడతారు. మీ బండిలో అలాంటి శబ్దం ఉంటే, ఇంజిన్ విప్పించే ముందు ఒకసారి కవర్లు తీసి స్టార్ట్ చేసి చూడండి.

వానకి ఒక జాగ్రత్త. కొన్ని బళ్లలో స్పార్క్ ప్లగ్ మీద పడే నీళ్లని ఈ కవరే ఆపుతుంది. ప్లగ్ గుంతలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి హెడ్‌లో చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే ప్లగ్ నీళ్లలో మునిగి ఇంజిన్ మిస్ కొడుతుంది. సన్నటి తీగతో ఆ రంధ్రం తెరిచి ఉంచండి, ప్లగ్ క్యాప్ రబ్బరు పగిలిందేమో చూసి మార్చండి.

తీయడం ఇష్టం లేదు, క్రోమ్ మాత్రం వద్దు అనుకునేవాళ్లు కవర్‌కే నల్ల పెయింట్ వేయొచ్చు. నేరుగా కొడితే నిలవదు. అలంకారపు క్రోమ్ పొర సాధారణంగా ఒక మైక్రాన్ కంటే పల్చన, కానీ చాలా గట్టిది, నున్నటిది. పెయింట్‌కి పట్టు దొరకదు. మెరుపు పూర్తిగా పోయేదాకా మాస్క్ పెట్టుకుని తడి ఎమెరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ వేసి, ఆ పైన వేడికి తట్టుకునే ఇంజిన్ పెయింట్ వేయాలి. క్రోమ్ ఇప్పటికే పొరలుగా లేస్తుంటే ఆ పొరలన్నీ తీసేశాకే.

నా మాట అడిగితే, మీ కవర్లు మచ్చలు లేకుండా మెరుస్తుంటే, మీకు ఆ మెరుపు ఇష్టమైతే ఉంచుకోండి, తీయడానికి ఇంజినీరింగ్ కారణం ఏదీ లేదు. క్రోమ్ లేచిపోయి, తుప్పు చుక్కలు పడి, జిర్రుమంటుంటే తీసేయండి. వెనక కనిపించే ఆ అల్యూమినియంని శుభ్రంగా ఉంచుకునే ఓపిక మాత్రం ఉండాలి.

కొత్తగా వేసిన పొట్టి బోల్టులని, ఇంజిన్ నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక, ఒకసారి బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చూడండి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు చాలు, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. తీసిన కవర్లని పారేయొద్దు. గుడ్డలో చుట్టి, వాటి బోల్టులు, స్పేసర్లు, గ్రోమెట్లు అదే పెట్టెలో వేసి, ఏది ఎక్కడిదో రాసి పెట్టండి. మోడల్ ఆగిపోయాక ఇవి దొరకడం కష్టం, బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడుగుతారు. హెడ్‌కి పెయింట్ వేసే పని వేరే వీడియోలో మొదటి నుంచి చూపిస్తాను. ఉంటానండి.