గల్ఫ్ వెళ్లే ముందు ఇల్లు అప్పగించారా?

[తెర మీద: రేకు పెట్టె. మూత తీస్తే పాస్‌బుక్కులు, కరెంటు బిల్లులు, రబ్బరు బ్యాండు చుట్టిన రసీదులు]

నమస్తే. ఈ పెట్టె మా అమ్మది. నాన్న జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లినప్పుడు నేను ఏడో తరగతి. నాలుగో నెలలో డబ్బు పంపారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్తే, "ఖాతా ఆయన ఒక్కడి పేరు మీదే ఉందమ్మా, మీకివ్వలేం" అన్నారు. డబ్బు అక్కడే ఉంది. నా ఫీజు మాత్రం నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కట్టింది అమ్మ.

నాన్ననూ ఏమీ అనలేం. మెడికల్, వీసా, టికెట్ టెన్షన్‌లో ఇంకేదీ గుర్తుకు రాదు. అందుకే ఈ వీడియోలో సూట్‌కేసు సంగతి వదిలేద్దాం. ఇంట్లో ఉండేవాళ్లకు ఏమేం అప్పగించాలో చూద్దాం.

[తెర మీద: ఏటీఎం కార్డు, ఫోన్]

అన్నా, మొదటి పని వదిన పేరు మీద సొంత ఖాతా. దానికి ఆమె ఫోన్ నంబరే ఉండాలి. నెలనెలా ఇంటి ఖర్చు నేరుగా అందులోకి పంపండి. మీ పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతాగా, మార్చమని బ్యాంకులో రాసివ్వాలి. అక్కడి సంపాదన పొదుపు చేసుకోవడానికి ఎన్ఆర్ఈ అనే ఖాతా తెరుచుకోవచ్చు. ఎన్ఆర్ఈలో వదినను జాయింట్‌గా పెట్టినంత మాత్రాన ఆమె డబ్బు తీయలేదు. దానికి మీరు విడిగా అధికారం రాసివ్వాలి. మా అమ్మలాంటి వాళ్లకు సొంత ఖాతాయే సుఖం.

గ్యాస్ బుకింగ్, స్కూలు, కరెంటు బిల్లు అన్నింటికీ మీ నంబరే ఇచ్చి ఉంటే, ఓటీపీ దుబాయ్‌లో మోగుతుంది, వదిన ఇక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది. ఇప్పుడే మార్పించండి.

[తెర మీద: కాగితం మీద లెక్క]

అప్పు సంగతి. రెండు లక్షలు రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 4,000, రెండేళ్లకు 96,000 మిత్తికే పోతుంది. ఏజెంటు సర్వీస్ చార్జీ మన చట్టం ప్రకారం 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగితే ఎందుకని నిలదీయండి. అతని లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎంత మిత్తికో వదినకు రాసిచ్చి వెళ్లండి. పరువు పోతుందని దాచిన అప్పు, మీరు లేనప్పుడు గుమ్మం ముందుకొచ్చి అరుస్తుంది.

"విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడ మార్పిస్తా" అంటే దయచేసి ఎక్కకండి. పదో తరగతి పాస్ కానివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని ముద్ర ఉన్నది, వస్తుంది. గల్ఫ్‌లో ఉద్యోగానికి వాళ్లకు ఆ అనుమతి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్, తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్తే ఈ రెండూ ఉండవు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను ఉంటే అదనం. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. చెప్పుకోవడానికి కష్టంగానే ఉంటుంది, అయినా ఆ పాలసీ కాపీ ఈ పెట్టెలో ఉండాలి, నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి. పక్కనే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు, కంపెనీ చిరునామా, రూమ్మేట్ నంబరు.

భూమి పనుల కోసం ఎవరికైనా జీపీఏ, అంటే మీ తరఫున పనులు చేసే అధికార పత్రం, ఇవ్వాలనుకుంటే ఇక్కడ ఉండగానే చేయండి. అక్కడికెళ్లాక ఎంబసీ చుట్టూ తిరగాలి. మొదటి జీతం ఆలస్యమైనా ఇల్లు గడిచేలా మూడు నెలల ఖర్చు వదిలి వెళ్లండి.

[తెర మీద: వంటింట్లో అమ్మ, చేతిలో ఫోన్]

ప్రయాణానికి నెల ముందు నుంచే బ్యాంకు, బిల్లులు, స్కూలు మీటింగ్ అన్నీ వదినే చేయనివ్వండి. మీరు పక్కన నిలబడండి, అంతే. యూఏఈ వెళ్తున్నారా? అక్కడ వాట్సాప్ కాల్స్ కలవవు, చాలామంది బోటిమ్ అనే యాప్ వాడతారు. అది వదిన ఫోన్‌లో ఈ రాత్రే వేయండి. మీరు ముందు గదిలో కూర్చోండి, ఆమె వంటింట్లోంచి వీడియో కాల్ చేయాలి. మీ ముఖం తెర మీద కనిపించేదాకా ఫోన్ ఆమె చేతిలోంచి తీసుకోకండి.