పాత గేమ్ కన్సోల్ మొరాయిస్తోంది: బాగుచేద్దామా, కొత్తది కొందామా?

ముందు ఈ చప్పుడు వినండి. పిండిమర ఆడుతున్నట్టు లేదూ? ఇది నా పాత గేమ్ కన్సోల్. ఆట మొదలైన పది నిమిషాలకే రొద ఎత్తుకుంటుంది, ఇంకో పావుగంటకు తనంతట తానే ఆగిపోతుంది. ఇక దీని పని అయిపోయిందనుకుని కొత్తదాని ధరలు కూడా చూశాను. కొనేముందు ఒకసారి మూత తీద్దామనిపించింది.

ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను. ఫ్యానుకూ, వేడిని బయటికి పంపే హీట్‌సింక్‌కూ మధ్య దుమ్ము దుప్పటిలా పరుచుకుంది. కొస పట్టుకుని లాగితే గుడ్డపేలికలా మొత్తం ఊడి వచ్చింది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు అందించే థర్మల్ పేస్టు మెత్తగా ఉండాలి కదా, నాది గోకితే సుద్దలా రాలింది. ఇక వేడి బయటికి పోయే దారేది? ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాను. ఖర్చు పేస్టు ట్యూబుకే. అయితే ప్లేస్టేషన్ 5 ఉన్నవారు హీట్‌సింక్ జోలికి వెళ్లకండి. అందులో పేస్టు బదులు ద్రవలోహం ఉంటుంది. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి, బొట్టు పక్కకు జారినా బోర్డుకే ముప్పు.

టీవీ కేబుల్ పెట్టే హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు విరిగితే చేయి తిరిగిన మెకానిక్ కొత్తది అతికిస్తారు. డిస్క్ డ్రైవుతో మాత్రం జాగ్రత్త. తొలి ప్లేస్టేషన్ 4 నమూనాల్లో డ్రైవులోని చిన్న బోర్డు మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది. ఆ పాత బోర్డును కొత్త డ్రైవులోకి మార్చకపోతే డిస్కులు చదవదు. మెకానిక్‌కు ఈ సంగతి తెలుసో లేదో ముందే అడగండి.

ప్రధాన చిప్ దగ్గరే లోపం ఉంటే, నా మటుకు నేను డబ్బు పెట్టను. ఎక్స్‌బాక్స్ 360 పాడైతే ముందువైపు వెలిగే ఎర్ర వలయం గుర్తుందా? 2007లో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని 3 ఏళ్లకు పెంచి, అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పట్లో చాలామంది చిప్‌ను వేడిచేసి బతికించారు. కొన్నాళ్లు ఆడేది, మళ్లీ మూలపడేది.

సరే, కొత్తదే కొంటారా? ముందు మీ అలమరా చూసుకోండి. ప్లేస్టేషన్ 4 ఆటలు దాదాపు అన్నీ ప్లేస్టేషన్ 5లో నడుస్తాయి, ప్లేస్టేషన్ 3 డిస్కులు నడవవు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే 360 కాలం నాటి ఆటలను కూడా కొన్ని వందలు ఆడిస్తుంది. అదే సిరీస్ ఎస్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. డిస్కులన్నీ ఉంచుకుని తక్కువ ధరకు వస్తోందని అది కొంటే, అవి అలంకారానికే పనికొస్తాయి.

నాది బిగించేశాను. ఆన్ చేస్తున్నాను, వినండి. ఫ్యాను ఉందా లేదా అన్నట్టుంది. కానీ ఒక్క నిమిషం... ఆ టిక్, టిక్ వినిపిస్తోందా? ఇన్నాళ్లూ ఫ్యాను రొదలో బయటపడలేదు గానీ, అది హార్డ్ డిస్క్. దాన్ని మార్చడం తేలికే, ఆటలో ఎంతవరకు వచ్చామో దాచే సేవ్ ఫైళ్లు పోతే మాత్రం తిరిగి రావు. వీడియో ఇక్కడ ఆపుతున్నాను, ముందు వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి.