విలియమ్స్‌బర్గ్‌కి పిల్లలతో వెళ్తే

అందరికీ నమస్కారం.

వర్జీనియాలో ఉంటున్న మనవాళ్ళకి విలియమ్స్‌బర్గ్ అంటే ముందు గుర్తొచ్చేది బుష్ గార్డెన్స్. రోలర్ కోస్టర్ల మీద నాకేం కోపం లేదు. కానీ అక్కడికి దగ్గర్లోనే కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అని, మ్యూజియంగా నిలబెట్టిన 18వ శతాబ్దపు ఊరొకటి ఉంది. ఈరోజు దాని గురించే చెప్తాను.

1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి రాజధాని ఆ ఊరే. రాజధాని రిచ్‌మండ్‌కి వెళ్ళిపోయాక కళ తప్పింది. 1926లో గుడ్విన్ అనే పాస్టరు, కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ని ఒప్పించి పాత ఇళ్ళని తిరిగి నిలబెట్టించే పని మొదలుపెట్టాడు. ఇప్పుడక్కడ కొలిమి నిజంగానే మండుతుంది. బండి చక్రాలు, పీపాలు చేస్తూ కనిపించేవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ పని నేర్చుకున్న పనివాళ్ళు. వాళ్ళు ఇప్పటి మనుషుల్లాగే మాట్లాడతారు. అప్పటి నాయకుడు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ వేషంలో ఉన్నాయనకి మాత్రం సెల్‌ఫోన్ అంటే తెలీదు! ఈ తేడా పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే ఎవర్ని ఏం అడగాలో తికమకపడతారు.

టికెట్ డబ్బులు గిట్టాలన్న టెన్షన్‌తో అన్నీ చూపించేయాలని పరిగెత్తించకండి. ఇటుకలు చేసే చోట పిల్లలు ఆగిపోతే ఆగనివ్వండి. వేసవిలో అక్కడ పిల్లల్ని చెప్పులు విప్పి బంకమట్టి తొక్కనిస్తారు. ఆ మట్టితో కోసిన ఇటుకల్ని ఆరబెట్టి, ఆకురాలే కాలంలో కాలుస్తారు. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలుంటే వెంట తీసుకెళ్ళండి, ఊళ్ళో ఇటుకలెలా కోసేవారో వాళ్ళే చెప్తారు.

అసలు కష్టమైన సంగతి వేరే ఉంది. అప్పట్లో ఆ ఊరి జనంలో సగం మందికి పైగా నల్లజాతివారు, వాళ్ళలో దాదాపు అందరూ బానిసలు. "చిన్నపిల్లలు కదా, ఎందుకులే" అని ఈ మాట దాటేస్తే మిగిలేది గౌన్లు, గుర్రపు బండ్లే. అక్కడ బ్రే స్కూల్ అని ఉంది. 1760లో నల్లజాతి పిల్లల కోసం పెట్టారు. మతం, విధేయత నేర్పాలన్నది పెట్టినవాళ్ళ ఉద్దేశం, కానీ ఆ పిల్లలకి చదవడం కూడా వచ్చింది. ఆ ఇల్లేదో ఈమధ్యనే గుర్తుపట్టి, 2023లో మొత్తంగా లేపి పాత ఊళ్ళోకి తరలించారు. అక్కడికెళ్తే మన పిల్లలు "స్కూలయ్యాక వాళ్ళు ఇంటికెళ్ళేవాళ్ళా?" అని అడగొచ్చు. చాలామంది యజమాని ఇంటికి వెళ్ళేవాళ్ళని చెప్పడానికి మనం సిద్ధంగా ఉండాలి.

"అప్పుడు మనవాళ్ళెవరూ లేరా?" అనీ అడుగుతారు. మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలు లండన్ మీదుగా అమెరికా కాలనీల దాకా వచ్చేవి. బట్టలే కాదు, మనుషులూ వచ్చారు. 1776లో అక్కడ అచ్చయిన వర్జీనియా గెజిట్ అనే వార్తాపత్రికలో, పారిపోయిన ఒక పనివాడి కోసం ప్రకటన ఉంది. పేరు జాన్ న్యూటన్, వయసు ఇరవై దాకా, పుట్టుకతో ఆసియా ఇండియన్ అని రాశారు. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో అందులో లేదు. ఈ కథ మ్యూజియంలో ఎవరైనా చెప్తారని ఎదురుచూడకండి. అచ్చు యంత్రం దగ్గర నిలబెట్టి మీరే చెప్పండి.

ఇక ఖర్చు మాట. వీధుల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, ఇళ్ళూ పనిశాలల లోపలికే కావాలి. జులైలో ఎండ మన కోస్తా ఎండలాగే ఉక్కపోస్తుంది. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా ముగించుకోండి.